పాత డెస్క్‌టాప్ ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతోందా? కొత్తది కొనే ముందు వరసగా ఇవి చూడండి

మార్చి చివర్లో మొదలవుతుంది ఈ గోల. సిస్టమ్ ఆన్ చేస్తారు. పది నిమిషాలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఫ్యాన్ మిక్సీలా అరుస్తుంది, మౌస్ కదిపితే రెండు సెకన్ల తర్వాత కదులుతుంది, ఇంకాసేపటికి టప్పున స్క్రీన్ నల్లబడుతుంది. షాపుకి తీసుకెళ్తే "బోర్డు పోయినట్టుంది, దీని మీద డబ్బులు పెట్టడం వేస్టు, కొత్తది తీసుకోండి" అంటారు.

నిజంగానే బోర్డు పోయిన కేసులు ఉంటాయి. కానీ ఈ లక్షణాలున్న పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి జబ్బు వేరే: ప్రాసెసర్ పుట్టిస్తున్న వేడి బయటికి పోవడం లేదు. దీన్ని కనిపెట్టడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ చాలు. సరిచేయడానికి ఒక స్క్రూడ్రైవర్, ఒక బ్రష్, ఒక చిన్న థర్మల్ పేస్ట్ ట్యూబ్ చాలు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్లకి ఇది ఇంకా దగ్గరి విషయం. మనకి బెంగళూరు పక్కనే. అక్కడి ఆఫీసులు కొన్నేళ్లు వాడి వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ కాంపాక్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి మెషీన్లు ఎస్పీ రోడ్డు మీదుగా మన జిరాక్స్ షాపులకి, నెట్ సెంటర్లకి, బీటెక్ పిల్లల రూములకి వస్తుంటాయి. మెషీన్ గట్టిదే. కానీ లోపలి థర్మల్ పేస్ట్ 2012లో ఫ్యాక్టరీలో పెట్టిందే అయి ఉండొచ్చు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజు సాయంత్రం అది ఆగిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వేడెక్కితే ప్రాసెసర్ ఏం చేస్తుంది?

ముందు ఒక మాట. మన దగ్గర మొత్తం డబ్బాని "సీపీయూ" అంటారు. ఈ ఆర్టికల్‌లో డబ్బాని కేబినెట్ అంటాను. ప్రాసెసర్ అంటే లోపల మదర్‌బోర్డు మీద, ఫ్యాన్ కింద దాక్కున్న చిప్ మాత్రమే.

ప్రాసెసర్ తాగే కరెంటు దాదాపు మొత్తం వేడిగానే మారుతుంది. కోర్ ఐ3-2100 టీడీపీ 65 వాట్లు. ఐ5-3470కి 77, ఐ5-4590కి 84, ఐ5-2400, ఐ7-2600లకి 95 వాట్లు. పాత 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది కదా. అంతకన్నా ఎక్కువ వేడి గోరంత చిప్‌లో పుడుతోందన్నమాట.

అందుకే చిప్ లోపలే కాపలా ఉంటుంది. కోర్ ఐ సిరీస్ పాత చిప్‌లలో లోపలి ఉష్ణోగ్రత దాదాపు 95 నుంచి 105 డిగ్రీలకి చేరగానే (మోడల్‌ని బట్టి ఈ హద్దు మారుతుంది) ప్రాసెసర్ తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. సిస్టమ్ నత్తలా నడిచేది ఇక్కడే. అప్పటికీ వేడి తగ్గకుండా ఇంకా పైకి పోతే ప్రాణం కాపాడుకోవడానికి కరెంటు కట్ చేయించుకుంటుంది. కొన్ని బోర్డులలో బయాస్‌లో పెట్టిన హద్దు దాటితే అంతకంటే ముందే బోర్డు ఆపేస్తుంది.

ఈ కాపలా మొదటినుంచీ లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు ఒక వీడియో చేశారు. నడుస్తున్న సిస్టమ్‌ల మీంచి హీట్‌సింక్ పీకేశారు. పెంటియం 4 స్పీడు తగ్గించుకుని బతికింది. ఏఎండీ అథ్లాన్ పొగలొచ్చి చచ్చిపోయింది. ఆ తర్వాత ఇంటెల్‌కి కూడా వేడి గట్టి పాఠమే చెప్పింది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4 వేడికి పేరు మోసింది, దాని వెనకాల రావాల్సిన తేజస్ చిప్‌ని అదే ఏడాది మేలో రద్దు చేసుకున్నారు. గిగాహెర్ట్జ్ పెంచుకుంటూ పోవడం మానేసి కోర్‌లు పెంచడం మొదలైంది ఆ తర్వాతే.

మనకి అర్థం కావాల్సింది ఏంటంటే, వేడికి ఆగిపోయిన సిస్టమ్ చచ్చిపోయినట్టు కాదు. తనని తాను కాపాడుకుంటోంది. కాకపోతే రోజూ 95 డిగ్రీల్లో నడిపితే చుట్టూ ఉన్న కెపాసిటర్లు, పవర్ సర్క్యూట్ త్వరగా ముసలివైపోతాయి. అప్పుడు మాత్రం బోర్డు నిజంగానే పోతుంది.

నిజంగా వేడేనా? ముందు తేల్చుకోండి

సిస్టమ్ ఆగిపోవడానికి వేడి ఒక్కటే కారణం కాదు. ఎస్‌ఎంపీఎస్ బలహీనపడినా, యూపీఎస్ బ్యాటరీ అయిపోయినా, ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయినా ఆగిపోతుంది. తేడా ఇలా పట్టుకోండి.

- బరువైన పని మొదలుపెట్టిన కొన్ని నిమిషాలకి ఆగి, వెంటనే ఆన్ చేస్తే ఈసారి ఇంకా త్వరగా ఆగి, అరగంట చల్లారనిచ్చాక మళ్లీ మొదటిలా నడిస్తే: వేడి మీద గట్టి అనుమానం.
- కరెంటు పోయి వచ్చిన క్షణంలో, లేదా వోల్టేజ్ ఊగినప్పుడే ఆగితే: యూపీఎస్ బ్యాటరీ చూడండి.
- గేమ్ మొదలైన సెకనులోనే ఆగి, ప్రాసెసర్ అప్పటికి 60 డిగ్రీలు కూడా దాటకపోతే: ఎస్‌ఎంపీఎస్ చూడండి.
- ఆగకుండా బ్లూ స్క్రీన్ వస్తూ ఉంటే: ర్యామ్, హార్డ్ డిస్క్, డ్రైవర్లు చూడండి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపించగానే "ఇదే కారణం" అనుకోవద్దు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెప్తుంది, ఎందుకో చెప్పదు. కెర్నల్-ప్రాసెసర్-పవర్ 37 ఉంటే ప్రాసెసర్ స్పీడుని ఫర్మ్‌వేర్ తగ్గిస్తోందని అర్థం. వేడి అనుమానానికి అది కొంత బలం ఇస్తుంది.

ఉష్ణోగ్రత కొలవడానికి విండోస్‌లో కోర్ టెంప్ గానీ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో గానీ వేసుకోండి, రెండూ ఫ్రీ. లినక్స్ వాడేవాళ్లకి ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీ ఉంది. ఎప్పుడూ "కోర్" అని రాసి ఉన్న అంకెలు చూడండి. పాత బోర్డుల సెన్సర్లు కొన్నిసార్లు 127 డిగ్రీలు, మైనస్ 55 లాంటి పిచ్చి అంకెలు చూపిస్తాయి, వాటిని వదిలేయండి. పాత ఏఎండీ ఎఫ్ఎక్స్ చిప్‌లు పని లేనప్పుడు గది కంటే తక్కువ ఉష్ణోగ్రత చూపిస్తాయి. అదీ సెన్సర్ తీరే. లోడ్ మీద చూపించే అంకెనే నమ్మండి.

అసలు చూడాల్సిన అంకె: గదికి, ప్రాసెసర్‌కి మధ్య తేడా

"నా ప్రాసెసర్ 75 డిగ్రీలు ఉంది, ఓకేనా?" అని అడుగుతుంటారు. గది ఎంత వేడిగా ఉందో తెలియకుండా దానికి జవాబు లేదు. ఫ్యాన్ ఏసీ కాదు. అది గదిలో ఉన్న గాలినే హీట్‌సింక్ మీదికి తోస్తుంది. కాబట్టి ప్రాసెసర్ ఎప్పటికీ గది కంటే చల్లగా ఉండదు. ఎంత పైన ఉందనేదే ప్రశ్న.

లెక్క చాలా సింపుల్. వాట్లని కూలర్ థర్మల్ రెసిస్టెన్స్‌తో గుణిస్తే ఆ తేడా వస్తుంది. ఉదాహరణకి 65 వాట్ల చిప్, ఒక్కో వాటుకి 0.5 డిగ్రీ పెంచే కూలర్ తీసుకోండి. తేడా 32 డిగ్రీలు. డిసెంబర్ ఉదయం గది 20 ఉంటే ప్రాసెసర్ 52. మే మధ్యాహ్నం గది 38 ఉంటే 70. రెండూ ఆరోగ్యమే. ఇప్పుడు పేస్ట్ ఎండిపోయి, దుమ్ము పట్టి అదే కూలర్ 0.9కి దిగజారింది అనుకోండి. తేడా 58. డిసెంబర్‌లో 78, ఏ ఇబ్బందీ తెలియదు. మేలో 96, సిస్టమ్ ఆగిపోతుంది. "చలికాలం బాగానే ఉండింది, ఎండాకాలం పాడైంది" అని అందరూ అనేది అందుకే. అది ఎండాకాలం పాడవలేదు. ఎప్పుడో పాడైంది, ఎండాకాలం బయటపడింది.

స్టాక్ కూలర్‌కి నేను వాడే కొండగుర్తు: ఫుల్ లోడ్ మీద గదికి, ప్రాసెసర్‌కి తేడా 40 లోపు ఉంటే హాయిగా ఉండండి. 40 నుంచి 50 మధ్య ఉంటే క్లీనింగ్ టైమ్ వచ్చింది. 50 దాటితే ఏదో గట్టి సమస్య ఉంది.

మన ఎత్తు గురించి కూడా ఒక మాట. మదనపల్లె, కుప్పం రెండూ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటాయి. చల్లటి మంచి గాలి అనే 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో టీబీ శానిటోరియం పెట్టారు. కడప, నంద్యాలతో పోలిస్తే మన ఎండ కాస్త నయం, అది ప్రాసెసర్‌కీ లాభమే. కానీ ఆ ఎత్తులో గాలి సముద్రతీరం కంటే సుమారు 7, 8 శాతం పలచగా ఉంటుంది. అదే స్పీడులో తిరిగే ఫ్యాన్ కాస్త తక్కువ వేడిని మోస్తుంది. తేడా రెండు మూడు డిగ్రీలకి మించదు. భయపడాల్సిన పని లేదు, ఎండ తక్కువని ధీమాగా ఉండాల్సిన పనీ లేదు.

వేడి ఎక్కడ ఇరుక్కుంది? విప్పకుండానే తెలుసుకోండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. తోటలో కోసిన టమాటా మండీకి రావాలి, మండీలో లారీ ఎక్కాలి, లారీ ఊరు దాటాలి. ఎక్కడ ఆగినా సరుకు కుళ్లుతుంది. కానీ ఎక్కడ ఆగిందో తెలియకుండా ఇంకో లారీ పిలిస్తే ఉపయోగం లేదు. వేడి ప్రయాణం కూడా ఇంతే, మూడు మజిలీలు: చిప్ నుంచి హీట్‌సింక్‌కి, హీట్‌సింక్ నుంచి కేబినెట్ లోపలి గాలికి, కేబినెట్ నుంచి గదిలోకి.

ఈ టెస్ట్ చేయండి. కేబినెట్ సైడ్ ప్యానెల్ తీసి పక్కన పెట్టండి. కోర్ టెంప్ ఓపెన్ చేసి ఉంచండి. సినీబెంచ్ గానీ ప్రైమ్95 గానీ నడపండి. 95 డిగ్రీలు తాకితే వెంటనే ఆపేయండి.

మొదటి రకం: లోడ్ ఇచ్చిన రెండు మూడు సెకన్లలోనే 45 నుంచి 90కి ఎగబాకింది. లోడ్ ఆపగానే అంతే వేగంగా పడిపోయింది. హీట్‌సింక్ రెక్కల అంచుని వేలితో మెల్లగా తాకి చూస్తే (తిరిగే ఫ్యాన్‌కి వేలు దూరంగా ఉంచండి) గోరువెచ్చగా మాత్రమే ఉంది. అంటే వేడి చిప్ దగ్గరే ఇరుక్కుంది. పేస్ట్ ఎండిపోయింది, లేదా హీట్‌సింక్ సరిగ్గా అతుక్కోలేదు.

రెండో రకం: ఉష్ణోగ్రత కొన్ని నిమిషాల పాటు మెల్లగా ఎక్కుతూ పోయింది, హీట్‌సింక్ కూడా చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. చిప్ నుంచి హీట్‌సింక్‌కి వేడి బాగానే వస్తోంది, గాలి దాన్ని తీసుకుపోవడం లేదు. దుమ్ము, లేదా ఫ్యాన్.

మూడో రకం: ప్యానెల్ తీసి ఉంచితే బాగుంది, మూసి పెడితే ఇరవై నిమిషాల్లో 8, 10 డిగ్రీలు పెరిగింది. కేబినెట్‌లో గాలి ఆడడం లేదు.

ఈ టెస్ట్ విలువ ఏంటో ఒక కేసు చెప్తాను. కుప్పంలో మా బంధువుల జిరాక్స్ షాపులో ఒక మూడో జనరేషన్ ఐ5 మెషీన్ ఉంది. వారం కిందటే ఒక చోట పేస్ట్ మార్పించారు, అయినా ఆగిపోతోంది. "పేస్ట్ మార్చినా పోలేదంటే ఇక బోర్డే" అని చెప్పి పంపారు. లోడ్ ఇస్తే మూడు సెకన్లలో 94. హీట్‌సింక్ మాత్రం చల్లగా ఉంది. పక్కా మొదటి రకం. చూస్తే నాలుగు పుష్ పిన్లలో ఒకటి లాక్ కాలేదు, హీట్‌సింక్ ఒక మూల లేచి ఉంది. పిన్ సరిచేసి పేస్ట్ మళ్లీ పెట్టాక, 33 డిగ్రీల గదిలో ఫుల్ లోడ్ మీద 68 దగ్గర నిలబడింది. తేడా 35. కొత్త పార్ట్ ఒక్కటీ కొనలేదు.

ఇప్పుడు రిపేరు: ఖర్చు లేని దాని నుంచి మొదలుపెట్టండి

1. సాఫ్ట్‌వేర్

మీరు ఏ పనీ చేయనప్పుడు టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం ఎంతుందో చూడండి. ఆన్ చేసిన పది పదిహేను నిమిషాలు అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కాన్ వల్ల ఎక్కువ ఉండటం మామూలే. గంట తర్వాత కూడా 60, 70 శాతం ఉంటే ఎవరు తింటున్నారో పట్టుకోండి. క్రాక్ చేసిన గేమ్‌తో పాటు క్రిప్టో మైనర్ దూరి ఉండొచ్చు. కొన్ని మైనర్లు టాస్క్ మేనేజర్ ఓపెన్ చేయగానే దాక్కుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచిన వెంటనే వాడకం, ఉష్ణోగ్రత రెండూ పడిపోతే అనుమానించండి, పూర్తి స్కాన్ చేయండి.

2. కేబినెట్ ఉన్న చోటు

మన కంప్యూటర్ టేబుళ్లలో కేబినెట్‌కి మూడు వైపులా చెక్క మూసేసిన గూడు ఒకటి ఉంటుంది. వెనక గోడ, ముందు తలుపు. ఆ గూట్లో కేబినెట్ తను వదిలిన వేడి గాలే తను పీలుస్తుంది. బయటికి తీయండి. వెనక కనీసం జానెడు చోటు వదలండి. దుమ్ము పడుతుందని నడుస్తున్న కేబినెట్ మీద గుడ్డ కప్పడం, గాలి రంధ్రాల మీద పుస్తకాలు, యూపీఎస్ పెట్టడం మానేయండి. నేల మీద పెడితే ఊడ్చినప్పుడల్లా దుమ్మంతా లోపలికే, కాబట్టి అడుగు ఎత్తున పీట మీద పెట్టండి.

3. దుమ్ము

మన ఊళ్ల దుమ్ము ఒకే రకం కాదు. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ల దగ్గర సన్నటి రాతి పొడి ఉంటుంది. నీరుగట్టువారిపల్లె లాంటి చోట మగ్గం ఉన్న ఇంట్లో పోగుల నూగు ఎక్కువ. రాతి పొడి రెక్కల మీద పూతలా అంటుకుంటుంది. నూగు ఇంకా మోసం చేస్తుంది, ఫ్యాన్ కింద దుప్పటిలా పరుచుకుని పైనుంచి చూస్తే కనిపించదు. ఫ్యాన్ ఊడదీసి చూస్తేనే తెలుస్తుంది.

కరెంటు ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లో స్టాటిక్ పోతుంది. కేబినెట్‌ని వాకిట్లోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో కొట్టండి. అప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా పెన్సిల్ అడ్డం పెట్టండి, విపరీతమైన స్పీడులో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్‌ని బయటినుంచే ఊదండి, లోపల కెపాసిటర్లలో ప్లగ్ పీకాక కూడా కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి దాన్ని విప్పొద్దు. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉందని దాని గొట్టం బోర్డు మీద పెట్టొద్దు, స్టాటిక్ తయారవుతుంది.

4. ఫ్యాన్

ప్లగ్ పీకి ఉండగా వేలితో ఫ్యాన్ తిప్పండి. మెల్లగా కొన్ని చుట్లు తిరిగి ఆగాలి. గరగర శబ్దం వచ్చినా, టక్కున ఆగినా బేరింగ్ అయిపోయింది. కుట్టు మిషన్ నూనె చుక్క వేస్తే కొన్ని వారాలు లాగుతుంది, కానీ అది తాత్కాలికమే. కొత్త ఫ్యాన్ కొనేటప్పుడు కనెక్టర్ చూడండి. మామూలు బోర్డులలో 4 పిన్లు ఉంటాయి. కొన్ని ఆప్టిప్లెక్స్ మోడళ్లలో డెల్ సొంత కనెక్టర్ ఉంటుంది, బయటి ఫ్యాన్ నేరుగా సరిపోదు. ఆ మెషీన్లలో కొన్నిటికి ప్రాసెసర్ మీద ప్లాస్టిక్ తొడుగు కూడా ఉంటుంది. "అడ్డంగా ఉంది" అని దాన్ని తీసి పారేస్తే అంతే సంగతులు. ముందున్న ఫ్యాన్ గాలిని హీట్‌సింక్ మీదికి నడిపించేదే అది.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తోందా? సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోయింది. అంటే బయాస్ సెట్టింగులు చెరిగిపోతున్నట్టే, వాటిలో ఫ్యాన్ స్పీడు సెట్టింగ్ కూడా ఒకటి. సీఆర్2032 బటన్ సెల్ మార్చి, బయాస్‌లో ఫ్యాన్ కంట్రోల్ మళ్లీ చూసుకోండి.

5. థర్మల్ పేస్ట్

మొదటి రకం సమస్య ఉన్నవాళ్లకి అసలు మందు ఇదే. మామూలు బ్రాండెడ్ పేస్ట్ ఏదైనా సరిపోతుంది. 65 వాట్ల చిప్‌కి ఖరీదైన పేస్ట్ కొన్నా తేడా ఒకటి రెండు డిగ్రీలే.

తీయడం: పది నిమిషాలు సిస్టమ్ నడిపి ఆపేయండి, వెచ్చగా ఉంటే పాత పేస్ట్ మెత్తబడుతుంది. ప్లగ్ పీకండి. ఇంటెల్ స్టాక్ కూలర్ నాలుగు పిన్ల తలల మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం చూపించే వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగండి. పాత ఏఎండీ మెషీన్ అయితే జాగ్రత్త. క్లిప్ తీశాక నేరుగా పైకి పీకితే ప్రాసెసర్ కూడా హీట్‌సింక్‌కి అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్లు వంగుతాయి. ముందు అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేసి, అప్పుడు ఎత్తండి.

తుడవడం: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి కాటన్ గుడ్డ. రెండు వైపులా లోహం మెరవాలి. ప్రాసెసర్‌ని సాకెట్‌లోంచి తీయక్కర్లేదు. ఇంటెల్ సాకెట్ పిన్లు వెంట్రుకంత సన్నం, ఒకటి వంగినా బోర్డుకే ముప్పు.

పెట్టడం: మధ్యలో బఠాణీ గింజలో సగమంత. హీట్‌సింక్ నొక్కితే అదే పరుచుకుంటుంది. దోసె పిండిలా మందంగా పూస్తే లాభం లేదు. పేస్ట్ పని రెండు లోహాల మధ్య కంటికి కనిపించని సందుల్లో గాలిని తరిమేయడమే. లోహాల మధ్య మందంగా నిలిస్తే అదే అడ్డం అవుతుంది.

బిగించడం: పిన్ల తలలని బాణానికి ఎదురు దిక్కున తిప్పి మామూలు స్థితికి తెచ్చుకోండి. ఎదురెదురు మూలలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కండి, ఒక్కోదానికి టక్కుమని శబ్దం రావాలి. శబ్దం వచ్చిందని ఆగిపోవద్దు. వీలైతే బోర్డు వెనక చూడండి, తెల్ల కాళ్ల మధ్యలోకి నల్ల పిన్ పూర్తిగా దిగి ఉండాలి. చివరగా హీట్‌సింక్‌ని పట్టుకుని మెల్లగా ఊపండి. కదిలితే పని పూర్తి కాలేదు.

ఒక చిన్న విశేషం. రెండో జనరేషన్ శాండీ బ్రిడ్జ్‌లో చిప్‌కి, పైనున్న లోహపు మూతకి మధ్య సోల్డర్ ఉంటుంది. 2012 నాటి మూడో జనరేషన్ ఐవీ బ్రిడ్జ్ నుంచి మామూలు డెస్క్‌టాప్ చిప్‌లలో మూత కింద కూడా పేస్టే పెట్టారు. కాబట్టి పైన అన్నీ సరిచేశాక కూడా ఐవీ బ్రిడ్జ్, హాస్వెల్ చిప్‌లు కాస్త వేడిగా ఉండటం సహజం. ఆ మూత పీకే సాహసం ఆఫీసు మెషీన్ మీద చేయకండి.

6. కేబినెట్ గాలి, సరిపోని కూలర్

లోకల్ కేబినెట్లలో వెనక ఫ్యాన్ పెట్టే చోటు ఉంటుంది, ఫ్యాన్ ఉండదు. మూడో రకం సమస్యకి అక్కడ ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చాలు. గాలి బయటికి పోయే దిక్కులోనే బిగించండి. సాధారణంగా ఫ్యాన్ ఫ్రేమ్ కడ్డీలు కనిపించే వైపుకి గాలి వెళ్తుంది.

పుంగనూరు ఆవు చిన్నదైనా గట్టి జాతి. చిన్న కేబినెట్ మెషీన్లకి ఆ మాట అన్ని వేళలా వర్తించదు. లోపల ఖాళీ చోటు ఉండదు, పెద్ద కూలర్ పట్టదు. వాటిలో ఎక్కువ వాట్ల చిప్ వేయాలంటే రెండుసార్లు ఆలోచించండి. ఐ3-2100 తీసేసి సెకండ్ హ్యాండ్ ఐ7-2600 వేయడం మన దగ్గర బాగా నడిచే అప్‌గ్రేడ్. 65 వాట్ల నుంచి 95 వాట్లకి వెళ్లారు, కూలర్ మాత్రం పాత ఐ3ది. ఇక్కడ పేస్ట్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, కూలర్ మార్చాలి. ఎల్‌జీఏ 1155, 1150, 1151, 1200 సాకెట్లన్నిటికీ కూలర్ రంధ్రాల దూరం ఒకటే, 75 మిల్లీమీటర్లు. కోర్ 2 డ్యుయోల ఎల్‌జీఏ 775కి 72, అది వేరే. టవర్ కూలర్ కొనే ముందు కేబినెట్ వెడల్పు స్కేలుతో కొలుచుకోండి.

7. డబ్బు ఖర్చు లేని ఆఖరి అస్త్రం

కూలర్ వెంటనే కొనలేకపోతే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో "మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్" 100 నుంచి 99 చేయండి. టర్బో బూస్ట్ ఆగిపోతుంది. ఐ5-3470 అయితే 3.6 గిగాహెర్ట్జ్‌కి బదులు 3.2 దగ్గర ఆగుతుంది. బ్రౌజింగ్, వర్డ్, కోడింగ్‌లో తేడా పెద్దగా తెలియదు, ఉష్ణోగ్రత మాత్రం తగ్గుతుంది. పాత ఐ3లలో టర్బో లేదు కాబట్టి 99 పెట్టినా ప్రయోజనం ఉండదు, 80, 85 దాకా దించాలి. ఇది మందు కాదు, నొప్పి బిళ్ల. పరీక్ష అప్లికేషన్ పూర్తయ్యేదాకా గట్టెక్కిస్తుంది.

ఇవి మాత్రం చేయొద్దు

పేస్ట్ బదులు టూత్‌పేస్ట్ వేయొద్దు. మొదట పనిచేసినట్టే ఉంటుంది, నీరు ఆరాక సున్నంలా గట్టిపడుతుంది. సైడ్ ప్యానెల్ శాశ్వతంగా తీసి పెట్టొద్దు. అది టెస్ట్ మాత్రమే. దుమ్ము, బల్లులు రెండూ లోపలికి చేరతాయి. బయాస్‌లో హీట్ షట్‌డౌన్ ఆపేస్తే సమస్య పోయినట్టు కాదు, కాపలా కుక్కని కట్టేసినట్టు.

ఎప్పుడు వదిలేయాలి?

ప్రాసెసర్ దగ్గర కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నా, జిగురులాంటి ద్రవం కారినా, ఉష్ణోగ్రత 60 లోపే ఉన్నా సిస్టమ్ ఆగిపోతున్నా, ఇక సమస్య వేడి కాదు. ఎస్‌ఎంపీఎస్ మార్చి చూసి, అప్పటికీ పోకపోతే బోర్డు లెక్కలోకి వస్తుంది. ఇంకో సంగతి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఈ రెండు, మూడు, నాలుగో జనరేషన్ చిప్‌లని తీసుకోదు. కాబట్టి వీటి బోర్డు మీద వేలకి వేలు పోయడం తెలివైన పని కాదు. కానీ పేస్ట్, క్లీనింగ్‌తో బాగుపడిన మెషీన్‌లో ఒక చిన్న ఎస్ఎస్‌డీ, లినక్స్ మింట్ వేస్తే తమ్ముడికో చెల్లెలికో సీ, పైథాన్ నేర్చుకోవడానికి ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తుంది.

పని పూర్తయ్యాక ఒక కాగితం మీద మూడు అంకెలు రాసి కేబినెట్ లోపల అతికించండి: తేదీ, గది ఉష్ణోగ్రత, ఫుల్ లోడ్ ఉష్ణోగ్రత. ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి. తేడా 35 నుంచి 45కి పెరిగితే బ్లోయర్ తీయండి. అప్పుడు వచ్చే మార్చిలో "బోర్డు పోయింది" అని ఎవరన్నా సరే, చూపించడానికి మీ చేతిలో అంకెలు ఉంటాయి.